హాలోజన్ వెలుగు అందని చోటు

మాఘమాసం మొదలైందంటే బాబాయి స్టూడియోకి రాత్రిళ్ళు తాళం పడేది కాదు. తెనాలి బోసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, బట్టల కొట్టు మేడ మీద ఉండేది ఆ స్టూడియో. ముందు గదిలో నీలం పరదా, ఫొటో దిగేవాళ్ళ కోసం అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. వెనక గదిలో వీడియో సామాను. పెళ్ళివాళ్ళతో బేరాలన్నీ ముందు గదిలో జరిగేవి. నాకు మాత్రం వెనక గదే లోకం. 1990ల మొదట్లో, బడికి సెలవులున్న రోజుల్లో, ఆ సామానుతో పాటు నన్నూ వ్యానులో ఎక్కించేవాడు బాబాయి. దుగ్గిరాల, కొల్లిపర, వేమూరు, అమృతలూరు, పెదరావూరు. కాలవ కట్టల మీదుగా ఆ ఊళ్ళకు నేను మొదట వెళ్ళింది రాత్రిపూటే. పగలు చూస్తే ఏది ఏ ఊరో పోల్చుకోలేకపోయేవాణ్ణి. దుగ్గిరాలను మాత్రం చీకట్లోనూ పట్టేయొచ్చు, పసుపు వాసన వస్తుంది.

కెమెరా పానాసోనిక్. భుజం మీద పెట్టుకుని తీసేది. లోపల పట్టేది ఇంట్లో వీసీఆర్‌లో వేసుకునే మామూలు వీహెచ్‌ఎస్ క్యాసెట్టే. ఈ-180 అని రాసి ఉండేది, మూడు గంటలు నడిచేది. దాన్ని బాబాయి ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. నా చేతికి ఇచ్చింది లైటు. వెయ్యి వాట్ల హాలోజన్. ఒక చేతిపిడి, వెనక రేకు డొప్ప, ముందు ఇనుప జాలీ, చుట్టలు చుట్టిన పొడుగాటి వైరు. కొత్త బల్బు వేసేటప్పుడు గుడ్డతో పట్టుకుని వెయ్యాలి. వేలి జిడ్డు అంటిన చోట వేడికి గాజు దెబ్బతిని బల్బు పేలిపోతుంది. వెలిగించిన కాసేపటికే ఆ రేకు మీద చెయ్యి పెట్టలేం. పెళ్ళింటి మీటరు దగ్గర వైరు తగిలించడం ఇంకో ఘట్టం. ఫ్యూజు ఎగిరిపోయిందంటే మైకు సెట్టు వాళ్ళు మమ్మల్ని అనేవాళ్ళు, మేము వాళ్ళని అనేవాళ్ళం.

బాబాయి నోటితో ఏమీ చెప్పేవాడు కాదు. మంత్రాలు రికార్డవుతున్నప్పుడు మధ్యలో తన గొంతు పడకూడదని. కన్ను వ్యూఫైండర్‌లోనే ఉంచి ఎడమచేత్తో సైగ చేసేవాడు. వేలు పైకెత్తితే లైటు ఎత్తాలి, పక్కకు ఊపితే ఆ పక్కకు తిప్పాలి. కొద్దిరోజులకే సైగ అవసరం లేకుండా వెలుగు ఎవరి తర్వాత ఎవరి మీదికి వెళ్ళాలో నాకు తెలిసిపోయింది. ముందు పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు. తర్వాత కన్యాదానం చేసే దంపతులు. ఆ తర్వాత పురోహితుడి చేతులు, వియ్యాలవారు, ముందు వరసలో కుర్చీలు వేయించుకుని కూర్చున్న ఊరి పెద్దలు. చదివింపులప్పుడు ఎంత పెద్ద మొత్తం చదివిస్తే వెలుగు అంతసేపు ఆగేది. ఈ వరస ఎక్కడా రాసి లేదు. కానీ తప్పితే మర్నాడు క్యాసెట్ చూసినవాళ్ళు బాబాయిని నిలదీసేవాళ్ళు. మా మేనమామ ముఖం ఒక్క క్షణమే పడిందేందని దెబ్బలాటకొచ్చిన వాళ్ళూ ఉన్నారు.

అప్పుడు నాకు తెలియని లెక్క ఒకటుంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. పీటలకు ఆరడుగుల దూరంలో నేను లైటు పట్టుకుని నిలబడ్డాననుకోండి. నాకు ఇరవై నాలుగు అడుగుల దూరాన, పందిరి చివర గుంజను పట్టుకుని చూస్తున్న మనిషి మీద పడేది పెళ్ళికూతురికి అందిన దాంట్లో పదహారో వంతు. దానికి తోడు మధుపర్కాలు. ఎర్రంచు తెల్ల బట్టల మీద హాలోజన్ పడగానే కెమెరాకు కళ్ళు చెదిరినంత పనవుతుంది. ఐరిస్ తనంతట తాను ముడుచుకుని లోపలికొచ్చే వెలుగు తగ్గించేస్తుంది. పెళ్ళికూతురి ముఖం చక్కగా వస్తుంది. వెనకవాళ్ళకు దక్కిన పదహారో వంతులో మళ్ళీ కోత పడుతుంది.

ఇక కరెంటు పోతే చెప్పేదేముంది. ఎండాకాలం పల్లెల్లో అది పోని రాత్రి ఉండేది కాదు. హాలోజన్ ఆరిపోయేది, కెమెరా బ్యాటరీ మీద నడుస్తూ ఉండేది. చీకటి పడగానే కెమెరా లోపల సిగ్నల్‌ను పెంచుకోవడం మొదలుపెడుతుంది. బొమ్మతో పాటు అందులోని చెత్తా పెరుగుతుంది. తెర నిండా చుక్కలు కదులుతాయి. ఇంట్లో మేము చీమలనే వాళ్ళం, బాబాయి గ్రెయిన్స్ అనేవాడు. “గ్రెయిన్స్ వచ్చేస్తన్నయ్ రా” అని పాజ్ నొక్కేవాడు. జనరేటర్ అందుకునే దాకా పెళ్ళింట్లో జరిగిన నవ్వులు, తొక్కిసలాటలు, దొరికిన చేతిని పట్టుకుని పిల్లలు పెట్టిన గోల, ఏదీ ఏ క్యాసెట్టులోనూ లేదు. ఎప్పుడన్నా ముహూర్తం మించిపోతోందంటే గ్యాసులైట్ల వెలుగులోనే తీసేవాడు. ఊరేగింపులో వాటిని నెత్తిన పెట్టుకుని నడిచే మనుషులుండేవాళ్ళు. పెట్రోమాక్సులో కిరసనాయిలు ట్యాంకు కిందుంటుంది, మ్యాంటిల్ దాని పైనుంటుంది. వెలుగు చుట్టూ పడుతుంది కానీ ట్యాంకు నీడ సరిగ్గా మోసేవాళ్ళ ముఖం మీదే పడుతుంది.

1993 వైశాఖంలో మా అక్క పెళ్ళి. పెదనాన్నగారి పెద్దమ్మాయి. కొల్లిపర దాటాక, కృష్ణ కరకట్టకు దగ్గరగా ఉన్న మా ఊళ్ళో, మా మండువా ఇంట్లోనే చేశారు. సొంత పెళ్ళైనా బాబాయి కెమెరా దించలేదు, నేను లైటు దించలేదు. ఇంటి ముందు తాటాకు పందిరి. పెరట్లో గాడిపొయ్యి తవ్వి, దాని మీద వరసగా గుండిగలు. మండువాలోంచి పెరట్లోకి వెళ్ళే దారిలో వంటిల్లు. ఏళ్ళ తరబడి పుల్లల పొయ్యి పొగ పట్టి దాని గోడలు నల్లగా నిగనిగలాడేవి. ఆ గదిలోకి వెలుగు వెళ్ళడమే గానీ తిరిగి రావడం ఉండదు.

ఆ పెళ్ళి పనులు నెలరోజుల ముందు నుంచీ నెత్తినేసుకున్నది నాయనమ్మ. అప్పడాలు ఒత్తించింది, పసుపు కొట్టించింది, బియ్యం బస్తాలు లెక్కపెట్టించుకుంది, ఏ ఊరి చుట్టాలకు ఎవరింట్లో పడకో తేల్చింది. అరటి గెలలు ఒక రోజు ముందే పండిపోతున్నాయని తెలిసి వాటిని ఏ గదిలోకి మార్చాలో చెప్పిందీ ఆమే. తాతయ్య అంతకు ముందే పోయాడు. ముహూర్తం దగ్గర పడేసరికి, ఎవరూ ఏమీ అనకుండానే, చేతిలో పని పక్కకు పెట్టి వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. అక్కణ్ణుంచి పీటలు కనిపిస్తాయి. పీటల మీదవాళ్ళకు ఆమె ఎదురుపడదు. జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు నా లైటు అక్క తల మీద ఉంది.

స్టూడియో తర్వాత ఎన్నాళ్ళో సాగలేదు. డిజిటల్ కెమెరాలొచ్చాక బాబాయి షట్టరు దించేసి క్యాసెట్లన్నీ ఒక ఇనప్పెట్టెలో సర్దాడు. నేను హైదరాబాదులో స్థిరపడ్డాను. ఆ పెట్టె మళ్ళీ తెరిచింది అమ్మ మాట వల్లనే. నాయనమ్మకు విడిగా తీసిన ఫొటో లేదు. రేషను కార్డు కోసం అందరినీ వరసగా నిలబెట్టి తీసినదాంట్లో ఒక మూల, కొంగు ముఖం మీదికి లాక్కుని ఉంటుంది. “అక్క పెళ్ళి క్యాసెట్లో అత్తయ్య ఉండాల్రా. గుమ్మంలో నుంచునుంది, నాకు బాగా గుర్తు” అంది అమ్మ.

ఆ పెళ్ళివి రెండు రకాల క్యాసెట్లున్నాయి. ఒకటి మిక్సింగ్ చేసింది. సినిమా పాటలు, తామరపువ్వులోంచి విచ్చుకునే వధూవరులు, గుండె ఆకారంలో తిరిగే ముఖాలు. చుట్టాలకు పంచింది అదే. కానీ అది కాపీ. టేపు నుంచి టేపుకు ఎక్కిన ప్రతిసారీ నాయిస్ పెరుగుతుంది, ఆ దెబ్బ ముందు తగిలేది చీకటి భాగాలకే. అడుగున మాస్టర్ క్యాసెట్ దొరికింది. అంచుల వెంట తెల్లగా బూజు. బూజు పట్టిన క్యాసెట్టును అలాగే వీసీఆర్‌లో పెడితే హెడ్డుకు అంటుకుంటుంది, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్టునూ పాడుచేస్తుంది. ముందు టేపును శుభ్రం చేసి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి చుట్టి, అప్పుడు ఆడించాను.

చీకటి వీడియో చేతికి రాగానే ఎవరికైనా బ్రైట్‌నెస్ పెంచాలనిపిస్తుంది. అది చేసేది ఏమిటంటే, నలుపుతో సహా అన్నిటినీ ఒకే మేరకు పైకి లేపడం. నలుపు బూడిద రంగవుతుంది, అంతవరకూ అందులో దాక్కున్న చీమలన్నీ బయటికొస్తాయి. చెయ్యాల్సిన పని ఇంకొంచెం ముందు నుంచి మొదలవుతుంది. డిజిటల్ వీడియోలో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. టేపును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడే 16కు దిగువన ఏమీ తెగిపోకుండా సర్దుకోవాలి. అక్కడ తెగిపోయిన దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. మా వంటింటి గుమ్మం మొత్తం 18కీ 30కీ మధ్యలో ఉంది. నాయనమ్మ ఉన్నది ఆ పన్నెండు మెట్ల లోపలే. ఉన్నదున్నట్టు సాగదీస్తే నున్నటి గోడ మీద మెట్టు మెట్టుగా పట్టీలు కనిపిస్తాయి.

అందుకని వెలుగు పెంచడం చివర, నాయిస్ తగ్గించడం ముందు. ఫ్రేములో ఒక చోటు కదలకుండా ఉంటే, అక్కడి అసలు బొమ్మ ఫ్రేము ఫ్రేముకీ ఒకటే. మారేది చీమలే. నాలుగు ఫ్రేముల సగటు తీస్తే నాయిస్ సగానికి తగ్గుతుంది, పదహారు తీస్తే పావుకు. ఇందులో ఇంకో విశేషం ఉంది. ఒక గోడ అసలు వెలుగు 22కీ 23కీ నడుమ ఎక్కడో ఉందనుకోండి. నాయిస్ లేకపోతే కంప్యూటర్ ప్రతి ఫ్రేములోనూ 22 అనే రాసుకుంటుంది. నాయిస్ ఉంది కాబట్టి ఒకసారి 22, ఒకసారి 23 పడి, సగటులో ఆ మధ్య విలువ బయటికొస్తుంది. లెక్కంతా 16 బిట్లలో చేస్తే అది నిలుస్తుంది. పన్నెండు మెట్లలోంచి అంతకన్నా సన్నటి ఛాయలు దొరికాయంటే, బాబాయి తిట్టుకున్న ఆ గ్రెయిన్స్ పుణ్యమే.

రంగు సంగతి వేరే చూడాలి. వీహెచ్‌ఎస్ టేపు మీద నలుపు తెలుపుల వివరం అడ్డంగా 240 గీతల దాకా ఉంటుంది. రంగు వివరం 40 గీతల దగ్గరే ఆగిపోతుంది. అందువల్ల చీకట్లో రంగు నాయిస్ సన్నటి చుక్కలుగా కాక, ఎర్రటి, నీలపు మరకలుగా పాకుతూ ఉంటుంది. రంగును గట్టిగా నునుపు చేసినా పోయే వివరం తక్కువ, మన కళ్ళు కూడా పెద్దగా పట్టించుకోవు. వెలుగుఛాయల దగ్గర మాత్రం చెయ్యి తేలిగ్గా పడాలి. ఆ తర్వాత కర్వ్. నలుపును దాని చోటనే బిగించి ఉంచి, దానికి కాస్త పైనున్న భాగాన్ని మాత్రమే ఎత్తాలి. మరీ అడుగున ఉన్న చీకటిని చీకటిగానే వదిలేస్తే చీమలూ అక్కడే ఉండిపోతాయి. ఈ పనికి అవిసింత్, వర్చువల్‌డబ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. నీట్ వీడియో లాంటివి డబ్బు పెట్టి కొనుక్కోవాలి. వరస తెలిస్తే ఏదైనా ఒకటే.

పదహారు ఫ్రేముల సగటుతో తలంబ్రాల భాగం ఆడించి చూస్తే తలంబ్రాలు లేవు. అక్క దోసిలి ఎత్తుతుంది, బావగారు తల వంచుతాడు, జనం నవ్వుతారు, మధ్యలో గాలిలో ఏమీ లేదు. ఎగిరే బియ్యపుగింజ ఒక చోట ఒక ఫ్రేములోనే కనిపిస్తుంది, తర్వాతి ఫ్రేముకు అక్కడ ఉండదు. యంత్రం లెక్కలో నాయిస్ అంటే అదే కదా, ఏరి పారేసింది. దీపం చుట్టూ తిరిగే పురుగులూ అలాగే పోయాయి. ఒక చోట నిలకడగా ఉన్నదాన్ని నిజమని, క్షణం కనిపించి పోయేదాన్ని చెత్త అని అనుకోవడం దాని పద్ధతి. పెళ్ళిలో సగం విషయాలు క్షణం కనిపించి పోయేవే. పీటల భాగానికి సగటు బాగా తగ్గించి, గుమ్మం వైపు మాత్రం మాస్క్ వేసి ఎక్కువ పెట్టాల్సి వచ్చింది.

గుమ్మంలో మనిషి తేలింది. లేత రంగు చీర, దాని అంచు, ఒక చెయ్యి, గుమ్మానికి ఆనించిన భుజం. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక. ఈమధ్య ఏఐతో ముఖాలు స్పష్టం చేసే సాధనాలు వచ్చాయి కదా, అందులోనూ వేశాను. కళ్ళు, ముక్కు, నవ్వీ నవ్వనట్టున్న పెదవులు, చర్మం మీద మడత లేదు. ఫోన్లో పంపితే అమ్మ వెంటనే తిరిగి చేసింది.

“ఈవిడెవర్రా? టీవీ సీరియల్లో అత్తగారిలాగుంది.”

ఆ సాధనం చేసింది వెలుగు పెంచడం కాదు. టేపు మీద లేనిదాన్ని వేరే వేలాది ముఖాలను బట్టి ఊహించి పూడ్చడం. నాయనమ్మ ముఖం మీద ఆ రాత్రి పడని వెలుగు ఇప్పుడు ఎక్కణ్ణుంచీ రాదు. ఆ ఫైలు తీసేసి మళ్ళీ నా మరక దగ్గరికే వచ్చాను.

మన దేశంలో ఆనాటి వీడియో పాల్ పద్ధతిలోది. సెకనుకు 25 ఫ్రేములంటారు గానీ, ఒక్కో ఫ్రేములో వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు ఫీల్డులు సరి, బేసి గీతలుగా అల్లుకుని ఉంటాయి. అంటే కదలికను సెకనుకు 50 సార్లు పట్టుకుంటుంది. కంప్యూటర్లో చాలామంది ఒక ఫీల్డును పారేసి సగం కదలికను పోగొట్టుకుంటారు. రెండిటినీ విడదీసి 50 ఫ్రేములుగా చేశాను. గుమ్మం మీద నాయిస్ తగ్గించడాన్ని కూడా కాస్త వెనక్కి తగ్గించాను. చీమలు మళ్ళీ కొన్ని వచ్చాయి. వాటితో పాటు మనిషి కదలడం మొదలైంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పెద్ద టీవీకి పెట్టి చూపించాను. గుమ్మం దగ్గర పాజ్ నొక్కి, ఇదిగో అని వేలు పెట్టి చూపించబోతే అమ్మ విసుక్కుంది.

“ఆపావేంది? నడవనియ్యి.”

నడిపించాను. ఆ మరక తల పక్కకు వంచింది. కొంగు మోచేతి మీదుగా లాగి నడుం దగ్గర దోపింది. కుడిచెయ్యి ఎత్తి, పెరటి వైపెవరికో రెండు వేళ్ళు ఊపింది.

“అదీ అత్తయ్య” అంది అమ్మ. “రెండు గుండిగలు దించమంటంది. ముహూర్తం అయిపోయింది, ఇంక బంతులు వేస్తారని.”

ముఖం లేకుండానే మనిషిని పోల్చుకుంది, చేస్తున్న పనితో సహా. ఇరవై ఏళ్ళకు పైగా ఒకే వంటింట్లో మసలినవాళ్ళకు ముఖంతో పనేముంది. నేను ముఖం కోసం ఫ్రేములన్నీ కలిపి ఒక్క నిశ్చలమైన బొమ్మ తీయాలని చూశాను. ఆమె ఉన్నది కదలికలో. నాయిస్ మొత్తం కడిగేస్తే ఆ రెండు వేళ్ళూ తలంబ్రాలతో పాటే పోయేవి.

ఆ తర్వాత అమ్మ ఆగలేదు. గాడిపొయ్యి దగ్గర వంగి ఉన్న వంటాయన ఏ ఊరివాడో, బెంచీల మీద నిద్రపోతున్న పిల్లలెవరెవరో, గుంజకు ఆనుకుని నిలబడిన అత్త అప్పటికి ఎన్నో నెల గర్భిణో, వరసగా చెప్పుకుపోయింది. హాలోజన్ వరసలో లేనివాళ్ళే ఎక్కువమంది. మధ్యలో పిన్నికి ఫోన్ చేసి, ఆ నీలం పరికిణీ పిల్ల ఎవరని పేచీ కూడా పెట్టుకుంది. ఊరేగింపు దగ్గరికొచ్చేసరికి గ్యాసులైట్లు మోసేవాళ్ళ మీద కొంచెం వెలుగు పెట్టమంది. అక్కడ పెంచడానికి ఏమీ లేదు, ట్యాంకు నీడలో విలువలన్నీ 16 దగ్గరే కూర్చున్నాయని చెప్పాను. అయితే ఏంలే అని వాళ్ళ పేర్లు చెప్పింది. ఒకాయన మా పొలంలో పనిచేసేవాడట, ఆయన భార్యే ఆ రాత్రి పెరట్లో గిన్నెలు కడిగిందట. రాసుకున్నాను.

ఇప్పుడు ఆ పెళ్ళికి నా దగ్గర మూడు ఫైళ్ళున్నాయి. టేపు నుంచి వచ్చింది వచ్చినట్టు ఒకటి, దాన్ని ఎప్పటికీ ముట్టుకోను. రేపు ఇంతకన్నా మంచి పద్ధతి వస్తే మళ్ళీ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. వెలుగు పెంచింది ఒకటి. మూడోది మామూలు టెక్స్ట్ ఫైలు, ఏ నిమిషంలో ఏ మూల ఎవరున్నారో అమ్మ చెప్పగా రాసింది. మూడింట్లో అన్నిటికన్నా చిన్నది అదే, వెలుగుతో పని లేనిదీ అదే. మీ ఇంట్లోనూ ఇలాంటి క్యాసెట్లుంటే కర్వులు, సగటులు తర్వాత చూసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్లు ఏటేటా మెరుగవుతూనే ఉంటాయి. ముందు ఉన్నదున్నట్టు కంప్యూటర్లోకి ఎక్కించి, ఇంట్లో పెద్దవాళ్ళను టీవీ ముందు కూర్చోబెట్టండి. మధ్యలో ఆపకండి. పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి.